సాక్సోఫోన్ మీద పడ్డ నింద

తెలుగు సినిమాలో సాక్సోఫోన్ వినిపిస్తే, తెరమీద ఏం జరగబోతోందో చాలాకాలం పాటు కళ్లు మూసుకుని చెప్పగలిగేవాళ్లం. గ్లాసులో ఐసుముక్క పడుతుంది. ఎర్రలైటు వెలుగుతుంది. విలన్ సిగార్ ముట్టిస్తాడు. మెట్ల మీంచి ఒకమ్మాయి దిగుతుంది. ఆ అమ్మాయి హీరోయిన్ అయ్యే అవకాశం దాదాపు లేదు. పాట అయిపోగానే ఆమె కథలోంచి వెళ్లిపోతుంది. ఆమె వెనకే ఆ వాయిద్యమూ వెళ్లిపోతుంది. తర్వాత హీరోయిన్ గుడికెళ్తే వీణ, పొలం గట్టు మీద నడిస్తే వేణువు, ఏడిస్తే వయొలిన్లు, అప్పగింతలైతే షెహనాయి. మన సినిమా ఇలా ఒక్కో వాయిద్యానికి ఒక్కో ఉద్యోగం ఇచ్చింది. సాక్సోఫోన్‌కి పడింది నైట్ డ్యూటీ.

ఈ డ్యూటీ ఎవరు వేశారు? ఆ గొట్టంలోంచి వచ్చే శబ్దంలోనే ఏదైనా మత్తు ఉందా? లేక మనం దాన్ని ఎప్పుడూ అలాంటి చోట్లే కూర్చోబెట్టి, చివరికి ఆ చోటు వాసన దానికి అంటగట్టామా? సినిమా పాటల్ని ఇంజినీరింగ్ హాస్టల్ రోజుల నుంచీ హెడ్‌ఫోన్స్‌లో విప్పి చూసుకునే అలవాటున్నవాడిగా నాకు ఈ ప్రశ్న చాన్నాళ్లుగా ఉంది. దీనికి జవాబు వెతకాలంటే కొంచెం దూరం తిరగాలి. ముందు యూరప్, అమెరికా వెళ్లి, అక్కణ్ణుంచి బొంబాయి, మద్రాసు మీదుగా మా కేసముద్రం దాకా వచ్చి, చివరికి 1994లో వచ్చిన ఒక సినిమా దగ్గర ఆగాలి.

*

అడాల్ఫ్ సాక్స్ 1814లో బెల్జియంలోని దినాన్ అనే ఊళ్లో పుట్టాడు. వాయిద్యాలు తయారుచేసే కుటుంబం. 1846లో పారిస్‌లో తన పేరుమీద తయారైన కొత్త వాయిద్యానికి పేటెంట్ తీసుకున్నాడు. అతని మనసులో ఉన్నది నైట్ క్లబ్ కాదు, మిలిటరీ బ్యాండ్. ఆరుబయట మార్చింగ్‌లో ట్రంపెట్ లాంటి ఇత్తడి వాయిద్యాలకి బలం ఉంటుంది, క్లారినెట్ లాంటి వాటికి వేగం ఉంటుంది. రెండూ ఒకదాన్లోనే ఉంటే బాగుంటుందనేది అతని ఆలోచన. అందుకే సాక్సోఫోన్ చూడ్డానికి ఇత్తడిది, పుట్టుకకి మాత్రం పిల్లనగ్రోవి, సన్నాయిల చుట్టం. దాని మూతికి కట్టిన రెల్లు పలక, అదే రీడ్, ఊపిరి తగిలి అదురుతుంది. ఆ అదురే నాదం.

ఇంకో చిన్న సాంకేతిక విషయం ఉంది, తర్వాత మనకి పనికొస్తుంది. క్లారినెట్ లోపలి గొట్టం ఒకే వెడల్పుతో నిటారుగా సాగుతుంది. సాక్సోఫోన్ గొట్టం మూతి దగ్గర సన్నగా మొదలై పోనుపోను వెడల్పవుతుంది. ఈ ఆకారం వల్ల పై స్థాయిలోకి వెళ్లినప్పుడు సాక్సోఫోన్ స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి దూకుతుంది. క్లారినెట్ అయితే ఇంకో ఐదు స్వరాలు దాటి ఎక్కడో దిగుతుంది. అంటే కింది స్థాయిలో వేళ్లు ఎలా పెడతామో పైన కూడా దాదాపు అలాగే పెట్టొచ్చు. మనిషి గొంతు తిరిగే మేరలోనే ఇదీ తిరుగుతుంది. పెదవి కాస్త బిగించినా, వదిలినా స్వరం వంగుతుంది. పాడేవాడు గొంతుతో చేసే పనిని వాయించేవాడు పెదవితో చేస్తాడన్నమాట.

ఇందులో ఎక్కడా పాపం లేదు. ఇంకా చెప్పాలంటే, కథకి తోడుగా వాడిన తొలి పేరున్న సందర్భాల్లో ఒకటి దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అర్థంలో ఉంది. 1872లో ఫ్రెంచి సంగీతకారుడు జార్జ్ బిజె ‘లార్లేసియెన్’ అనే నాటకానికి సంగీతం రాశాడు. అందులో లోకం తెలియని, బుద్ధి ఎదగని ఒక కుర్రాడున్నాడు. నాటకంలో అతన్ని ‘అమాయకుడు’ అనే పిలుస్తారు. బిజె సాక్సోఫోన్‌ని ఆ కుర్రాడికిచ్చాడు. నాటకానికి నేపథ్య సంగీతం అంటే సినిమా పుట్టక ముందున్న సినిమా సంగీతమే. అక్కడ ఈ వాయిద్యం చిన్నపిల్లాడి మనసు.

*

నింద పడింది అమెరికాలో. ఇరవయ్యో శతాబ్దం మొదటి ముప్ఫై ఏళ్లలో నల్లజాతి సంగీతకారులు జాజ్‌ని తయారుచేశారు. కోల్‌మన్ హాకిన్స్ లాంటి వాళ్లు టెనర్ సాక్సోఫోన్‌ని ఆ సంగీతానికి ముఖ్యమైన గొంతుగా నిలబెట్టారు. ఈ సంగీతం వినిపించిన చోట్లు బార్లు, డాన్స్ హాళ్లు. ఎందుకంటే నల్లవాళ్లకి కచేరీ హాళ్ల తలుపులు తెరుచుకోలేదు. లోపలికి రానివ్వనిదీ వాళ్లే, ఆ తర్వాత ‘ఈ సంగీతం బార్లలో పుట్టింది కాబట్టి చెడ్డది’ అని తీర్పు చెప్పిందీ వాళ్లే. ఈ తీర్పు ఎంత దూరం పోయిందంటే, 1938లో నాజీలు డుసెల్‌డార్ఫ్‌లో ‘దిగజారిన సంగీతం’ అని ఒక ప్రదర్శన పెట్టి, దాని పోస్టర్ మీద సాక్సోఫోన్ వాయిస్తున్న నల్లజాతి మనిషి వికార చిత్రం వేశారు. అతని కోటుకి యూదుల నక్షత్రం తగిలించారు. తాము ద్వేషించే రెండు జాతుల్నీ ఒకే బొమ్మలో చూపించడానికి వాళ్లకి దొరికిన వాయిద్యం ఇది.

హాలీవుడ్ ఈ అర్థాన్ని రాత్రి దృశ్యాల్లోకి తెచ్చుకుంది. 1951లో ఎలియా కజాన్ తీసిన ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’కి అలెక్స్ నార్త్ సంగీతం. పెద్ద స్టూడియో సినిమాకి జాజ్‌ని పునాదిగా పెట్టి స్కోర్ రాసిన తొలి ముఖ్యమైన ప్రయత్నాల్లో అది ఒకటి. అందులో భర్త చేతిలో దెబ్బలు తిని పైఅంతస్తుకి వెళ్లిపోయిన స్టెల్లా, అతను కింద నుంచి అరిచి పిలిస్తే మెల్లగా మెట్లు దిగే సన్నివేశం ఉంది. కాథలిక్కుల ‘లీజియన్ ఆఫ్ డీసెన్సీ’ దానికి అభ్యంతరం చెప్పింది. నటి మొహం మీద క్లోజప్‌లతో పాటు ఆ సంగీతం కూడా వాళ్లకి మరీ శారీరకంగా అనిపించింది. దాంతో ఆ ముక్కకి వేరే సంగీతం పెట్టి విడుదల చేశారు. అసలుది 1993లో గానీ తిరిగి సినిమాలోకి రాలేదు. సెన్సారు కత్తెర బట్టల మీద, మాటల మీద పడటం మనకి తెలుసు. ఇది స్వరాల మీద పడ్డ కత్తెర.

ఆ తర్వాత హాలీవుడ్‌కి ఇది డిఫాల్ట్ సెట్టింగ్ అయిపోయింది. నగరం, రాత్రి, వాన, ఒక ఆడమనిషి అనగానే సాక్సోఫోన్. అయితే మంచి సంగీతకారులు అదే సెట్టింగ్ లోపల ఉండి దాని అర్థాన్ని మార్చారు. 1963లో ‘ది పింక్ పాంథర్’కి హెన్రీ మాన్సిని రాసిన ట్యూన్‌ని ప్లాస్ జాన్సన్ టెనర్ మీద వాయిస్తే అది పిల్లి నడకంత కొంటెగా తయారైంది. 1976లో వచ్చిన ‘టాక్సీ డ్రైవర్’కి సంగీతం బెర్నార్డ్ హెర్మన్. ‘సైకో’లో వయొలిన్లతోనే జనాన్ని వణికించినవాడు. అతను ఇక్కడ ట్రావిస్ అనే నిద్రపట్టని డ్రైవర్‌కి సాక్సోఫోన్ మీద చాలా అందమైన, ప్రేమపాట లాంటి ట్యూన్ ఇచ్చాడు. కారు అద్దంలోంచి కనిపించేది కుళ్లిన నగరం, వినిపించేది ప్రేమపాట. ఆ మనిషి లోపల ఎంత ఒంటరితనం ఉందో ఈ తేడాలోనే తెలుస్తుంది. హెర్మన్‌కి అదే ఆఖరి స్కోర్. 1975 డిసెంబర్ 23న రికార్డింగ్ ముగించాడు, ఆ రాత్రే పోయాడు.

నాకు అంతకంటే ఇష్టమైంది 1974లో కపోలా తీసిన ‘ది కాన్వర్సేషన్’. హీరో హ్యారీ కాల్ ఇతరుల మాటల్ని దొంగచాటుగా రికార్డు చేసే నిపుణుడు. ఒకరకంగా మన వృత్తివాడే: చెవిలో హెడ్‌ఫోన్, ముందర సిగ్నల్, వెనక క్లయింటు. ఇంటికొచ్చి జాజ్ రికార్డు పెట్టుకుని దానితో పాటు ఒంటరిగా సాక్సోఫోన్ వాయించుకుంటాడు. వేరేవాళ్ల సంగీతంలో తనకంటూ ఒక చోటు వెతుక్కోవడం అది. చివర్లో తన ఇంట్లోనే ఎవరో మైకు పెట్టారని తెలిసి గోడలు, నేల అన్నీ పీకేస్తాడు. మైకు దొరకదు. ఆ శిథిలాల మధ్య కుర్చీ వేసుకుని సాక్సోఫోన్ వాయిస్తూ కూర్చుంటాడు. ఇక్కడ మత్తూ లేదు, కోరికా లేదు. మనిషికి మిగిలిన ఒక్క వస్తువు, అంతే.

*

మనదేశానికి ఈ వాయిద్యం రెండు దారుల్లో వచ్చింది. ఒకటి బ్రిటిష్ రెజిమెంట్ల బ్యాండు దారి. రెండోది బొంబాయి, కలకత్తా హోటళ్ల జాజ్ దారి. స్వాతంత్ర్యం తర్వాత బొంబాయిలో మద్యనిషేధం వచ్చి హోటళ్లలో పని తగ్గాక, నొటేషన్ చదవడం వచ్చిన గోవా క్రైస్తవ వాద్యకారులు సినిమా స్టూడియోల్లో స్థిరపడ్డారు.

మనోహరీ సింగ్‌లో ఈ రెండు దారులూ కలుస్తాయి. 1931లో కలకత్తాలో పుట్టాడు, నేపాల్ మూలాలున్న కుటుంబం. బాటా చెప్పుల కంపెనీ బ్యాండ్‌లో నేర్చుకుని, కలకత్తా హోటళ్లలో వాయించి, సలీల్ చౌదరి ప్రోత్సాహంతో 1958లో బొంబాయి వచ్చాడు. తర్వాత చాలా ఏళ్లు హిందీ సినిమా సాక్సోఫోన్ అంటే ఎక్కువగా ఈయన ఊపిరే. ‘గైడ్’లో కిషోర్, లతల యుగళగీతంలో పాడేవాళ్లతో సమానంగా తిరిగే మూడో గొంతు ఈయనదే. ‘కశ్మీర్ కీ కలీ’లో రఫీ విరహగీతంలో రఫీ ఆపిన చోట అందుకుని, రఫీ చెప్పలేకపోయినదేదో చెప్పేది కూడా ఈయనే. ఈ రెండు పాటలు వింటే ఈ వాయిద్యం ఆనందానికీ, దుఃఖానికీ ఒకేలా పనికొస్తుందని తెలుస్తుంది.

కానీ జనానికి బాగా గుర్తుండిపోయింది 1969 నాటి ‘ఆరాధన’ వానరాత్రి పాట. రాజేష్ ఖన్నా, షర్మిలా టాగోర్, మధ్యలో మంట, కట్ లేకుండా ఒకే షాట్. కిషోర్ గొంతు చుట్టూ అకార్డియన్, సాక్సోఫోన్. ఇది క్లబ్బు పాట కాదు. అమ్మాయి కథానాయిక, చేసుకోబోయేవాడితోనే ఉంది. అయినా ఆ రాత్రికి కథ ఆమె దగ్గర ఎంత వసూలు చేసిందో గుర్తుందా? అతను చనిపోతాడు. ఆమె పెళ్లికాని తల్లి అవుతుంది. సొంత కొడుకుని పరాయిదానిలా దూరం నుంచి చూసుకుంటుంది, జైలుకెళ్తుంది, తల నెరిసిపోతుంది. సాక్సోఫోన్ మోగిన రాత్రికి ఆడవాళ్లు కట్టాల్సిన జరిమానా ఇది. హీరోయిన్‌కే ఇలా ఉంటే క్లబ్బు డాన్సర్ సంగతి చెప్పక్కర్లేదు.

*

మన దగ్గర 1966లో కృష్ణ ‘గూఢచారి 116’ ఆడాక గూఢచారి, క్రైమ్ సినిమాల గాలి వీచింది. ఆ తరహా కథలకి విలన్ డెన్ కావాలి, డెన్‌కి క్లబ్బు కావాలి, క్లబ్బుకి ఒక పాట కావాలి. ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు, జ్యోతిలక్ష్మి, విజయలలిత, హలం, జయమాలిని లాంటి వాళ్ల డాన్సు, వెనక బాంగోలు, డ్రమ్ సెట్, ట్రంపెట్లు, అకార్డియన్, సాక్సోఫోన్. డెబ్బైలు, ఎనభైల దాకా ఇది ఒక పద్ధతిగా నడిచింది. ఈ పాటలు లేకపోతే డిస్ట్రిబ్యూటర్లు ఒప్పుకునేవాళ్లు కారు. ఈ పాటలున్నందుకు పెద్దమనుషులు మొహం చిట్లించేవాళ్లు. రెండు పనులూ ఒకే జనం చేసేవాళ్లు.

ఆ డాన్సర్లకీ, ఆ వాయిద్యానికీ పట్టిన గతి ఒకటే. సినిమాకి వాళ్లు కావాలి, కథకి అక్కర్లేదు. ఆమె మంచి నర్తకి అయినా ఆమెకి ఇంకో రకం పాత్ర ఇవ్వరు. అతను ఎంత గొప్పగా వాయించినా దాన్ని హీరో తల్లి సన్నివేశంలో పెట్టరు.

ఇంకో విషయం పేర్లది. తెలుగు సినిమా పాటలు తొంభైల దాకా ఎక్కువగా మద్రాసు స్టూడియోల్లోనే రికార్డయ్యేవి. గోవా వాళ్లు, ఆంగ్లో ఇండియన్లు, చర్చిలో నొటేషన్ నేర్చుకున్న తమిళ, మలయాళ క్రైస్తవులు, మన తెలుగువాళ్లు, అందరూ ఒకే హాల్లో కూర్చుని వాయించేవాళ్లు. ఉదయం ఒక సంగీత దర్శకుడికి, మధ్యాహ్నం ఇంకొకరికి. గ్రామఫోన్ రికార్డు అట్ట మీద సినిమా పేరు, గాయకుల పేర్లు, కవి పేరు, సంగీత దర్శకుడి పేరు ఉండేవి. వాయించినవాడి పేరుకి అందులో గడే లేదు. డేటాబేస్‌లో కాలమ్ పెట్టకపోతే ఆ సమాచారం పోయినట్టే, తర్వాత ఎంత క్వెరీ రాసినా రాదు. మన చెవుల్లో జీవితాంతం మోగే కొన్ని స్వరాల వెనక మనిషి లేడు, ‘ఆర్కెస్ట్రా’ అనే ఒక్క మాట ఉంది.

*

ఇప్పుడు మా ఊరికి రండి. కేసముద్రం కాజీపేట, డోర్నకల్ మధ్య రైల్వే లైన్ మీద ఉంటుంది. మిర్చి, పత్తి, పసుపు వచ్చే మార్కెట్ యార్డు మా ఊరికి గుర్తు. నా చిన్నప్పుడు ఏప్రిల్, మే నెలలంటే మిర్చి ఘాటు, పెళ్లి బ్యాండు రెండూ కలిసి వచ్చేవి. రెజిమెంట్ల బ్యాండు దారి అన్నాను కదా, అది కంటోన్మెంట్ల నుంచి పట్నాలకీ, పట్నాల నుంచి మా బోటి ఊళ్లకీ పెళ్లి బ్యాండు రూపంలోనే చేరింది. ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు, తలమీద టోపీ, ఎండకి చెమటలు. సిపాయి యూనిఫాం వేసుకుని సినిమా పాట వాయించే మనుషులు.

మా దిక్కు బ్యాండుల్లో క్లారినెట్టుదే పెద్దరికం. ట్రంపెట్లు తోడు. కాస్త డబ్బున్నవాళ్లు మాట్లాడిన బ్యాండైతే సాక్సోఫోన్ కూడా వచ్చేది, దాన్ని చూడ్డానికే పిల్లలం వెంటపడేవాళ్లం. ఎదురుకోళ్ల దగ్గర ఒక పాట, దేవుడి దగ్గర ఒక పాట, రాత్రి బరాత్‌లో ఊపున్న పాటలు. ఆ బరాత్‌లో వాయించేవాటిలో సగం పైగా క్లబ్బు పాటలు, ఐటం పాటలే. తెరమీద ఏ పాట వస్తే అమ్మమ్మ ‘టీవీ కట్టెయ్’ అనేదో, అదే పాట ఇత్తడి మీద మోగుతుంటే మంగళహారతి పళ్లెం పట్టుకుని వెనకాల నడిచేది. ఎవరికీ తప్పు తోచలేదు. ఒకసారి ఇంటర్ సెలవుల్లో నేను ఒక బ్యాండు మాస్టర్‌ని ఈ సంగతే నవ్వుతూ అడిగాను. “పాట యాడిదైతేంది తమ్మీ, పెండ్లిల ఊదినంక అది పెండ్లి పాటనే” అన్నాడు, రీడ్ నాలుకతో తడుపుకుంటూ.

సంగీతం అర్థం గురించి నేను తర్వాత చదివిన చాలా పుస్తకాల కంటే ఈ ఒక్క మాటలో ఎక్కువ ఉంది. ట్యూన్ అదే. వాయిద్యం కూడా అదే. బొమ్మ మారింది. మెట్లు దిగే అమ్మాయి స్థానంలో పెళ్లికూతురు, విలన్ డెన్ స్థానంలో మార్కెట్ రోడ్డు. మత్తు స్వరంలోనే ఉండి ఉంటే అది మా వీధిలో కూడా కనపడాలి కదా. కనపడలేదు. అంటే అది బొమ్మలో ఉంది, బొమ్మని చూసే మన అలవాటులో ఉంది.

ఇందులో ఒక చేదు కూడా ఉంది. ఆ పాటకి మర్యాద దొరికింది కానీ వాయించినవాళ్లకి దొరకలేదు. మన ఊళ్లలో సన్నాయి, డోలు, డప్పు వాయించడం కొన్ని కులాల పని అయింది. బ్యాండు కూడా చాలాచోట్ల అదే దారిలో పోయింది. శుభకార్యం వాళ్లు లేనిదే మొదలుకాదు. భోజనాల పంక్తిలో మాత్రం వాళ్ల వంతు చివర్లో. క్లబ్బు డాన్సర్‌కి సినిమా ఏం చేసిందో, ఇంచుమించు అదే.

*

ఇంత నేపథ్యం ఉంది కాబట్టే 1994లో వచ్చిన ‘డ్యూయెట్’ నాకు ఒక ప్రేమకథ కంటే పెద్ద సంఘటనలా కనిపిస్తుంది. కె. బాలచందర్ తమిళంలో తీశాడు, తెలుగులోకీ అనువాదమై వచ్చింది. ముక్కు పెద్దదైన కవి కథ ‘సిరానో ద బెర్జెరాక్’ దానికి ప్రేరణ. ఇక్కడ ముక్కుకి బదులు ఒళ్లు. ప్రభు వేసిన గుణ లావుగా ఉంటాడు, తన రూపం మీద తనకే నమ్మకం ఉండదు. అతనికీ, తమ్ముడికీ ఒకే అమ్మాయి మీద ప్రేమ. గుణ నోటితో చెప్పలేనిదంతా సాక్సోఫోన్‌తో చెప్తాడు. సంగీతం ఎ.ఆర్. రెహమాన్, ‘రోజా’ వచ్చి రెండేళ్లయింది, వయసు ఇరవై ఏడు. తెర వెనక వాయించింది కద్రి గోపాల్‌నాథ్.

గోపాల్‌నాథ్ 1949లో దక్షిణ కన్నడ ప్రాంతంలో నాగస్వర విద్వాంసుల ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడు మైసూరు ప్యాలెస్ బ్యాండ్‌లో సాక్సోఫోన్ విని, వాయిస్తే ఇదే వాయించాలనుకున్నాడు. ఇక్కడా దారి బ్యాండు నుంచే మొదలైంది, గమనించండి. కానీ కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. స్వరాన్ని ఒకచోట నిలబెట్టకుండా ఊపడం, జార్చడం, పక్క స్వరాన్ని తాకించి తేవడం. సాక్సోఫోన్‌కి ఉన్నవి మీటలు. మీట నొక్కితే రంధ్రం మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది, మధ్యలో ఏమీ లేదు. నాగస్వరానికైతే వేలు నేరుగా రంధ్రం మీద ఉంటుంది కాబట్టి సగం మూయొచ్చు, మెల్లగా జార్చొచ్చు. ఇదొక డిజిటల్ యంత్రం, అదొక అనలాగ్ యంత్రం అనుకోండి. గోపాల్‌నాథ్ వాయిద్యం మీటల్లో, వాటి కింద ఉండే ప్యాడ్లలో తనకి కావాల్సిన మార్పులు చేసుకున్నాడు. మిగతా పని పెదవితో, ఊపిరితో చేశాడు. దీని వెనక సుమారు ఇరవయ్యేళ్ల సాధన ఉంది. 1994లోనే లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో బీబీసీ ప్రామ్స్‌కి వెళ్లాడు. కర్ణాటక సంగీతం నుంచి ఆ వేదికకి పిలుపందుకున్న తొలి కళాకారుడు ఆయనే.

మనకి ఇలాంటి కథ ఇంకోటి తెలుసు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌ది. సినిమా ఆర్కెస్ట్రాలో ఒక మూలన ఉండే మాండొలిన్‌ని ఆ పిల్లవాడు కచేరీ వేదిక నడిమధ్య కూర్చోబెట్టాడు. దానికి రెండు వందల ఏళ్ల ముందు వయొలిన్ కూడా పరదేశి వాయిద్యమే. ఆ మధ్యలో, 1980లో, ‘శంకరాభరణం’లో అర్ధరాత్రి పాశ్చాత్య సంగీతంతో శాస్త్రిగారిని ఆటపట్టించడానికి కుర్రాళ్లు వచ్చే సన్నివేశం ఉంది. ఆయన వాళ్ల స్వరాల్ని వాళ్లకంటే బాగా పాడి, సంగీతానికి ఎల్లలు లేవంటాడు. మాట గొప్పదే, కానీ ఆ సన్నివేశం అమరికలో పాశ్చాత్య వాయిద్యం అల్లరిమూక వైపే ఉంది. ‘డ్యూయెట్’లో అదే వాయిద్యం సాధకుడి చేతిలో ఉంది.

ఆ సినిమా కోసం రెహమాన్‌కి ఎన్నో రాగాలు వినిపించాననీ, చివరికి కల్యాణవసంతం దగ్గర ఆయన ఆగాడనీ గోపాల్‌నాథ్ చెప్పేవాడు. ఆ ఎంపికలోనే అసలు తెలివి ఉందని నాకనిపిస్తుంది. కల్యాణవసంతం కీరవాణి జన్యం. ఎక్కేటప్పుడు రిషభం, పంచమం వదిలేసి ఎక్కుతుంది. దిగేటప్పుడు ఏడు స్వరాలూ తాకుతూ దిగుతుంది. కీరవాణి స్వరాలంటే పాశ్చాత్యులు హార్మోనిక్ మైనర్ అనే స్కేలు. అందుకే పాశ్చాత్య సంగీతం విని పెరిగిన చెవికి ఆ దిగుడు తెలిసిన దుఃఖంలా ఉంటుంది, కింద కీబోర్డు మీద కార్డులు కూడా హాయిగా అమరుతాయి. కర్ణాటక సంగీతం విని పెరిగిన చెవికి అదే దిగుడు త్యాగరాజు ‘నాదలోలుడై’ దారి. మన తెలుగు కృతి దారి. ఒకే వాక్యం రెండు భాషల్లోనూ తప్పు లేకుండా ఉన్నట్టు. కీరవాణి ముఖం ఒకటే, చూసేవాళ్లు వేరు.

ఆ క్యాసెట్‌లో పాటల మధ్య విడిగా చిన్న చిన్న సాక్సోఫోన్ ముక్కలు పెట్టారు. మాటల్లేవు, గాయకుడు లేడు. మన సినిమా క్యాసెట్లలో అది అరుదు. వాటిలో స్వరం మొదలవడానికి ముందు ఊపిరి లాక్కోవడం వినిపిస్తుంది. ముగింపులో స్వరం ఆగిపోదు, గాలిగా మారి పోతుంది. అది ఒక బెరుకు మనిషి మాట్లాడబోయి ఆగినట్టుంటుంది. 1872లో బిజె ఒక అమాయకుడి కోసం రాసిన వాయిద్యం, నూటా ఇరవై రెండేళ్ల తర్వాత, ఇన్ని బార్లు, ఇన్ని వానరాత్రులు తిరిగి, మళ్లీ ఒక అమాయకుడి చేతికి వచ్చింది. ఈసారి వాయించినవాడి పేరు కూడా జనానికి తెలిసింది. ‘కద్రి గోపాల్‌నాథ్ సాక్సోఫోన్’ అని చెప్పుకుని క్యాసెట్ కొన్నారు.

*

తర్వాత ఏమైంది? ఒక మార్పు మంచిది. కర్ణాటక, తమిళనాడుల్లో గుళ్లల్లో, పెళ్లిళ్లలో నాగస్వరం పక్కనే సాక్సోఫోన్ కనిపించడం మామూలైపోయింది. అమ్మాయిలు కూడా కచేరీలు చేస్తున్నారు. హైదరాబాద్ ఫంక్షన్ హాళ్లలో రిసెప్షన్ అంటే ఒక మూల సాక్సోఫోన్ పట్టుకున్న మనిషి, పక్కన ల్యాప్‌టాప్‌లో ట్రాకు. ముప్ఫై ఏళ్ల క్రితం విలన్ డెన్‌లో వాయించినదాన్ని ఇప్పుడు అత్తమామల ముందు వాయిస్తున్నారు.

ఇంకో మార్పు అంత మంచిది కాదు. 1991లో కీబోర్డులన్నిటికీ కలిపి జనరల్ మిడి అనే ప్రమాణం వచ్చింది. 128 శబ్దాలకి నంబర్లు. 65 నుంచి 68 దాకా నాలుగు రకాల సాక్సోఫోన్లు. 66 నొక్కితే ఆల్టో. ఊపిరి అక్కర్లేదు, చెమట అక్కర్లేదు, బస్సు చార్జీ అక్కర్లేదు. చిన్న ఊళ్ల ఆర్కెస్ట్రాలకి అది అవసరం, తప్పుపట్టలేం. పెళ్లి బ్యాండుల స్థానంలోకి డీజే బండ్లు వచ్చాయి. మా వైపు ఇత్తడి వాయిద్యాలు ఎంతమంది ఇళ్లల్లో అటక మీద ఉన్నాయో. మత్తు అనే నింద పోయే సమయానికి ఊదే మనుషులే తగ్గిపోయారు.

మనోహరీ సింగ్ 2010లో పోయాడు, గోపాల్‌నాథ్ 2019లో. ఇద్దరి పేర్లూ మనకి మిగిలాయి. రికార్డు అట్టల మీద గడి లేక పోయిన మిగతా పేర్లు మిగల్లేదు. ఇప్పుడు పాటల యాప్‌లలో వాయించినవాళ్ల పేర్లకి గడి ఉంది, చాలా తెలుగు పాటలకి దాన్ని ఖాళీగా వదిలేస్తున్నారు. సంగీత దర్శకులు, నిర్మాతలు, ఆడియో కంపెనీలు పది నిమిషాలు పెడితే నిండే గడి అది. వినేవాళ్లుగా మనం చేయగలిగింది ఇంకా చిన్నది: ‘ఆరాధన’ పాటని ఒకసారి బొమ్మ లేకుండా, కళ్లు మూసుకుని వినడం. తర్వాత ‘డ్యూయెట్’ ముక్కల్ని అలాగే వినడం. ఎర్రలైటు కనపడనప్పుడు ఏం వినపడుతుందో చూడండి. నాకైతే రెండిట్లోనూ ఒకటే వినిపించింది: రెల్లు పలక మీద ఒక మనిషి ఊపిరి.